ఫోనుతో తెరుచుకున్న తలుపు

ఏమయ్యా,

నువ్వు పోయాక నేను మన కొమరోలు దాటి వేరేచోట పడుకోవడం ఇదే మొదటిసారి. మన అమ్మాయి సుజాతకు పొద్దున్నే పరీక్ష ఉందని ముందురోజే మార్కాపురం వచ్చి, కొత్తగా కట్టిన లాడ్జిలో దిగాం. అక్కడ తాళంచెవి ఇవ్వరు. ఫోనుకు ఏదో పంపుతారు, తలుపు దగ్గర ఆ ఫోను పెడితే తెరుచుకుంటుంది.

సాయంత్రం సుజాత ఫోను తీసుకుని టిఫిను తేవడానికి వెళ్లింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. కాసేపటికి తలుపు టక్కుమని తెరుచుకుంది. సుజాతే అనుకుని తిరిగి చూస్తే ఎవరో మగమనిషి, చేతిలో ఫోను.

"ఈ రూం నాకిచ్చినారే," అంటూ లోపలికి అడుగు పెట్టాడు.

ఏం చెయ్యాలో తోచక, నువ్వు లోపల ఉన్నట్టు, మూసి ఉన్న బాత్రూం వైపు తిరిగి గట్టిగా అరిచాను.

"ఏమయ్యా, బయటికి రా! ఎవరో వచ్చినారు సూడు!"

"తప్పయిపోయిందక్కా, కింద అడుగుతా," అని అతను గబగబా వెళ్లిపోయాడు. లాడ్జివాళ్లు పొరపాటున ఇద్దరి ఫోన్లకూ ఒకే గది తాళం పంపారట. నేను లోపల గడియ పెట్టి, సుజాత గొంతు విన్నాకే తీశాను.

అది టిఫిను పొట్లం మంచం మీద పెట్టి, చేతులు కడుక్కుంటానని బాత్రూం తలుపు తియ్యబోయింది.

నేను దాని చెయ్యి పట్టుకుని, "కాసేపు ఆగమ్మా," అన్నాను.