స్టాంపింగ్ అయిపోయిందట

సీబ్,
బుధవారం మధ్యాహ్నం

నా బంగారు మేరీకి,

మీ అక్క కంటి ఆపరేషన్ బాగా జరిగిందని విని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఫోన్లో మాట్లాడితే పక్కగదిలో అమ్మాయికి వినబడుతుందని, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. చదివి గాభరా పడకు. ఇద్దరి గాభరా నేనే పడుతున్నాను.

అల్లుడుగారు మన ఎవాంజలిన్‌తో ఒక్క మాటయినా అనకుండా ఎక్కడో దూరాన సలాలా పోర్టులో ఉద్యోగం ఒప్పేసుకుని వెళ్లిపోయారు కదా. అప్పట్నించీ అది ఆయన ఫోనెత్తడం లేదు. హాస్పిటల్ డ్యూటీ నుంచి రావడం, "అన్నం తిన్నావా నాన్నా" అనడం, గది తలుపు వేసుకోవడం. లోపల్నించి టపా టపా ఏదో చప్పుడు. ఏంటమ్మా అంటే ఏం లేదంటుంది.

ఇవాళ పొద్దున దాంతో పనిచేసే హైదరాబాదు నర్సు జువేరియాతో ఫోన్లో అంటోంది: "స్టాంపింగ్ హో గయా. కార్డ్ జుమ్మే కో దూంగీ. దేఖ్‌కే మర్ జాయేగా." నా హిందీ అంతంతమాత్రం గానీ, ఇవి తెలియని మాటలా? స్టాంపింగ్ అయిపోయిందట, కార్డు శుక్రవారం ఇస్తుందట, చూసి ఆయన చస్తారట. ఇక్కడ గల్ఫ్‌లో స్టాంపింగంటే వీసా ముద్ర, రద్దు చేసినా ముద్రే. కార్డంటే బతాకా, ఇక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు. బతాకా పోయిందంటే ఈ దేశంలో బతుకు పోయినట్టే. ఉద్యోగం వదులుకుని, ఆ కాగితాలు ఆయన మొహాన కొట్టి, కాపురం తెంచుకుని ఇంటికొచ్చేస్తోంది మేరీ. శుక్రవారం ఆయన వస్తున్నారు. అడిగే ధైర్యం లేక మోకాళ్ల మీదే ఉంటున్నాను. నువ్వూ ప్రార్థించు.

నీ
ప్రసాద్ బాబు


సీబ్,
శుక్రవారం సాయంత్రం

మేరీ, నా ప్రాణమా,

ఏడుస్తూ నవ్వుతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు.

భోజనాల దగ్గర ఎవరి పళ్లెంలోకి వాళ్లు చూసుకున్నారు. తిన్నాక అమ్మాయి ఒక కవరు ఆయన ముందుకు తోసింది.

"విప్పకండి బాబూ, దానికి నేను నచ్చజెప్తాను" అన్నాను.

"నువ్వుండు నాన్నా. నీకేం తెలుసని?"

"అన్నీ తెలుసమ్మా. స్టాంపింగ్ అయిపోయిందన్నావుగా."

అమ్మాయి తెల్లమొహం వేసింది. ఈలోపు ఆయన విప్పేశారు.

వీసా కాదే పిచ్చిదానా. నారింజరంగు దళసరి అట్ట, కార్డులా మడిచింది. దాని మీద రబ్బరు ముద్రలతో సాలెగూడు, గబ్బిలాలు, కుర్చీలో కూలబడ్డ అస్థిపంజరం. దాని నెత్తిన పెన్నుతో గీసిన నర్సు టోపీ. కింద అమ్మాయి చేతిరాత: "మీరు సారీ చెప్తారని చూసి చూసి ఇలా అయిపోయాను." హాలోవీన్ అని దెయ్యాల పండగట. వాళ్ల వార్డులో ఫిలిప్పీన్స్ నర్సులు నవ్వులాటకి ఇలాంటివి ఇచ్చుకుంటారట. మన పాస్టరుగారి దగ్గర అనకు.

ఆయన మాత్రం నవ్వలేదు. కార్డు బల్ల మీద పరిచారు.

"ఆ ముద్ర ఎక్కడుంది?" అన్నారు.

అమ్మాయి ముద్ర, సిరా డబ్బా తెచ్చి పెట్టింది. మొదటి అస్థిపంజరం పక్కనే ఆయన ఇంకోటి గుద్దారు. అది కాస్తా తలకిందులుగా పడింది. దాని కింద రాశారు: "నువ్వు ఫోనెత్తుతావని చూసి చూసి నేనూ."

అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు.

"సలాలా వెళ్దామా అని ముందు నిన్నడగాల్సింది" అన్నారాయన.

"అడగలేదుగా."

"లేదు."

"అయితే ఇప్పుడడగండి."

టీ పెట్టే వంకతో నేను వంటింట్లోకి వచ్చేశాను మేరీ. ఆయన అడిగారు. అది ఏం చెప్పిందో వినలేదు. అడిగారు, అంతే చాలు. టీ రెండుసార్లు వేడిచేశాను. వాళ్ల మాటలు ఇంకా తెమల్లేదు, పిలవబుద్ధి కావడం లేదు.

సంతోషం పట్టలేని
నీ ప్రసాద్ బాబు