పిట్టకు పెట్టే ఆకులో గోలీలు వద్దు

ఇబ్రహీంపట్నం వాస్తవ్యురాలు, కీర్తిశేషులు జంగా రాంచంద్రారెడ్డి భార్య, రిటైర్డ్ సైన్స్ టీచర్ జంగా ప్రేమమ్మ అనే నేను డెబ్బై తొమ్మిదో ఏట స్వయంగా రాసుకున్న వీలునామా. నా బుద్ధి స్థిరంగానే ఉంది. అనుమానమున్నవాళ్లు కోడలు హిమజను అడగవచ్చు. ఆమె బాధే అది. ఎవరి బలవంతమూ లేదు.

1. ఇల్లు, నా బంగారు గుండ్ల దండ హిమజకు. నాతో ఇన్నేళ్లు వేగినందుకు దండ తేలికే.

2. పక్కింటి సుక్కమ్మ ఒక్కపూటకని తీసుకుపోయి తిరిగి ఇవ్వని గుంతపొంగనాల పెనం ఆమెకే. ఇకనైనా అది నేను ఇచ్చిన వస్తువవుతుంది. వస్తువు ముట్టింది కనుక ఆమె సాక్షి సంతకానికి పనికిరాదు.

3. అలమారలోని యాంటీఆక్సిడెంట్ గోలీలు. కొడుకు రఘునందన్ ఏదో ఫంక్షన్ హాల్ మీటింగుకు పోయి తెచ్చాడు. “అమ్మా, గివి ఏస్కో. మస్తు తాకత్ వస్తది, ముసలితనం ఆగుతది” అన్నాడు. “ఆగేదుంటే నీ బట్టతల కాడ ఆగకపాయెనా?” అన్నాను. అయినా కన్నకొడుకని ఒక డబ్బా మింగాను. మారింది మూత్రం రంగు ఒక్కటే. యాంటీఆక్సిడెంట్లు చెడ్డవని నేననను. ఉసిరికాయలోనూ ఉంటాయని బడిలో చెప్పినదాన్నే. గోలీ మింగితే వయసు తగ్గుతుందని మాత్రం ఏ తరగతికీ చెప్పలేదు. మిగిలినవి పారేయాలి. డబ్బాలు హిమజ పోపు గింజలకు ఉంచుకోవచ్చు, మూతలు గట్టివి.

4. మంచాల రోడ్డు మీది ఎకరం రఘునందన్‌కు. అయితే ఈ గోలీలు దొరికాయని అతను బీపీ గోలీ మానేశాడు. అడిగితే “ఫికర్ జెయ్యకమ్మా, మంచిగనే ఉన్న” అంటాడు. వాళ్ల బాపు, అంటే మా ఆయన కూడా బీపీ గోలీ మాని ఇదే మాట అన్నారు. వారం తిరగకముందే పక్షవాతం వచ్చి పోయారు. అందుచేత అతను దవాఖానకు పోయి, డాక్టరు రాసిన మందు మళ్లీ మొదలుపెట్టేదాకా పట్టా పాసుబుక్కు మనుమరాలు లిఖిత దగ్గరే ఉంటుంది. నా బీపీ మిషను కూడా ఆమెకే. పట్టీ చుట్టినప్పుడు మీ నాన్నను మాట్లాడనివ్వకు బిడ్డా. మాట్లాడితే అంకె పెరుగుతుంది. అబద్ధమాడినా పెరుగుతుంది.

5. నేను పోయిన మూడోనాడు పిట్టకు పెట్టే ఆకులో ‘అమ్మకు మంచివి’ అని ఆ గోలీలు పెట్టొద్దు. సర్వపిండి, చింతకాయ తొక్కు చాలు. కాకి ముట్టకపోతే నాకేం కోరిక మిగిలిందో అని ఎవరూ వెతుక్కోవద్దు. మిగిలింది ఒక్కటే. రఘూ, ఆకు ముందర నిలబడి నీ బీపీ గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగు. అప్పటికీ కాకి రాకపోతే తప్పు కాకిది.

ఇబ్రహీంపట్నం, 9 ఆగస్టు 2025
(సంతకం) జంగా ప్రేమమ్మ

సాక్షులు:
బొల్లం కిష్టా, మందుల దుకాణం
మనోజ, రిటైర్డ్ లెక్కల టీచర్