కంచు పలక మీద లేని తలుపు

అమ్మకు,

నీ వెర్డెల్ ప్రేమతో రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. షికాగోలో నువ్వూ, తమ్ముడూ, మరదలూ కూడా కులాసాగా ఉన్నారనుకుంటాను. నా ఒళ్లు బాగానే ఉంది గానీ సోమవారం నుంచి కోపంతో మండిపోతోంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. పీచ్ పళ్లు ఈసారి విరగకాశాయి, పాకం పట్టి సీసాలకెత్తాను. పెద్దాడికి బస్సు డిపోలో పని దొరికింది. నీ ఆకుపచ్చ గౌను నా దగ్గరే ఉంది, నడుం దగ్గర కాస్త వదులు చేస్తే సరిపోతుంది.

ఇక పలక సంగతి. మన ఊళ్లో పుట్టి పేరు తెచ్చుకున్నవాళ్లందరికీ పెద్ద హోటల్ గోడ మీద కంచు పలకలు పెడుతున్నారని, నీకూ ఒకటుందని, ఆ సంబరంలో నిన్ను పాడమంటున్నారని రాశాను కదా. నీ పక్క పలక ఒక బేస్‌బాల్ ఆటగాడిది. వాళ్లమ్మ రైల్లో పోతూ నొప్పులొచ్చి ఇక్కడ దిగిందట, వారం తిరక్కుండా బిడ్డనెత్తుకుని వెళ్లిపోయిందట. అతగాడూ మన ఊరి ఘనుడే.

పలకల కమిటీ పెద్ద విట్‌కంబ్ సోమవారం నీ పలక చూపించాడు. 'ఈ హోటల్‌ను సొంతిల్లుగా భావించిన గాయని' అని ఉంది. సొంతిల్లట! ఏళ్ల తరబడి ప్రతి శనివారం ఆ హాల్లో పాడావు. ఒక్కసారైనా ముందు తలుపులోంచి రానిచ్చారా? చెత్తడబ్బాలు దాటుకుని వంటింట్లోంచే కదా లోపలికెళ్లావు. అప్పట్లో నల్లవాళ్లు అక్కడ పాడొచ్చు, కూర్చుని కాఫీ తాగకూడదు.

ఆ మాటే అంటే ఆయన నవ్వాడు. "సంబరం పూట పాతవన్నీ తవ్వడం ఎందుకు, వెర్డెల్ గారూ?" అన్నాడు. పాతవి తవ్వకపోతే ఈ గోడ మీద ఇంకేం పెడతారని అడిగాను. కంచు పోసేశాం, ఇక అక్షరం మార్చడం కుదరదన్నాడు.

నువ్వేమో గొడవ పడకు, ఈ వయసులో నవ్వుతూ పుచ్చుకుంటానని రాశావు. నీకు కోపం రావడం లేదు కాబట్టి నీ వంతు కూడా నేనే కోపపడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్నడక్కుండా నీ తరఫున మాటిచ్చేశాను. తిట్టు, పడతాను.

"మా అమ్మ వస్తుంది, పాడుతుంది. పాడే ముందు తను ఏ తలుపులోంచి వచ్చేదో మైకులో చెబుతుంది. ఇష్టం లేకపోతే ఆ గోడకే చప్పట్లు కొట్టుకోండి" అన్నాను.

పత్రికలవాళ్లను అప్పటికే పిలిచేశాడు మరి. టోపీ తిప్పుకుంటూ సరేనన్నాడు.

చెప్పడం నీకిష్టం లేకపోతే రావద్దు, బలవంతం లేదు. కానీ ముందు వరుసలో నాకో కుర్చీ కూడా అడిగాను. చిన్నప్పుడు ఆ వంటింట్లో అంట్ల గిన్నెల పక్కన కూర్చుని నీ పాట వినేదాన్ని. వడ్డించేవాళ్లు తలుపు తోసినప్పుడల్లా నీ వీపు కనిపించేది. చర్చిలో పాడేటప్పుడు నీ మొహం నాకు తెలుసు. ఆ హాల్లో పాడేటప్పుడు ఎలా ఉంటుందో నేనింతవరకూ చూడలేదమ్మా.

ఇట్లు,
నీ కోపిష్టి కూతురు
వెర్డెల్