చార్మినార్ రూపాయి దర్వాజా

బాపూ, నువ్వు మోసగాడివి.

నీ వెండి నాణేల సేకరణను ఇకపై నేనే నడుపుతానని నీ సంవత్సరీకం నాడు ప్రకటించాను. నీకిష్టమైన జార్జి రాజు తల రూపాయలు వద్దన్నాను. రాజు జాడలేని, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయలే చాలన్నాను. అమ్మ అప్పటికే వాటిని చింతపండుతో తోముతోంది.

"చార్మినార్ నడుమ దర్వాజల గా ఉర్దూ అక్షరం ఎవల్దనుకున్నవ్ రా? నిజాం రాజు పేరుల మొదటి అక్షరమే. చెప్తే నీతోని కొట్లాట బందైతదని మీ బాపు దాసిండు," అంది.

ఇన్నేళ్లూ రాజరికానికి వ్యతిరేకంగా నాతో ఉపన్యాసాలు ఇప్పించుకుని, మీసాల చాటున నవ్వుకున్నావన్నమాట. అయినా సరే, నాది చార్మినారే.

నా డిమాండ్లు ఇవి:

అమ్మ చేతిలోని చింతపండు లాక్కోవాలి. తోమితే నాణెం పాడవుతుందని నువ్వు అరిస్తేనే వింటుంది.

జార్జిని ఎప్పటిలాగే వెనకేసుకురావాలి.

నా ఉపన్యాసం మొదటినుంచీ వినాలి. ఈసారి నవ్వినా ఏమీ అనను.