మసి అంటని గిన్నె

1988, గురువారం

ఈరోజు మా ఇంట్లో గోబర్ గ్యాస్ పొయ్యి మొదటిసారి వెలిగింది. నీలం మంట, పొగ అన్నదే లేదు. మసి తోమడం సులువవుతుందని, అలవాటు కొద్దీ అత్తమ్మ గిన్నె అడుగున మట్టి పూసి మరీ పొయ్యి మీద పెట్టింది. అన్నం దించి చూస్తే పూసిన మట్టి పూసినట్టే ఉంది! ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

"జర చూడు బిడ్డా, నా కండ్లు గూడ మండుత లేవు" అంది.

అంతలో మా ఆయన వచ్చి, పాల రాబడి బాగుంది కదా, బావికి డీజిల్ ఇంజన్ పెడదామన్నాడు. రెండో పంట పండుతుందని నాకూ ఆశే. కానీ ఆ నల్లటి పొగ...

అత్తమ్మ చేతిలోని గిన్నెతోనే ఆకాశం వైపు చూపించింది.

"గిన్నెకైతే నేను మట్టి పూస్త. గా ఇంజన్ పొగ మొగులు దాకా పోతది. మొగులుకు ఎవలు పూస్తరు కొడుకా?"