నీ వ్యాన్లో ఏ స్టేషను పలుకుతుంది?

నాన్నకు,

నేను వచ్చి చేరాను, బాగానే ఉన్నాను. అద్దెగది సైకిల్ షాపు పైన. పొద్దున్నే కింద టైర్లకు గాలి కొట్టే చప్పుడుకు మెలకువ వస్తుంది కాబట్టి అలారం గడియారం కొనే పని తప్పింది. గదిలో నాతోపాటు ఒక దర్జీ వాళ్లమ్మాయి ఉంటుంది. అదీ ఈ ట్రాఫిక్ ఆఫీసరు పరీక్షకే చదువుతోంది. సెక్షన్లన్నీ దానికి నోటికి వచ్చు, రోడ్డు దాటాలంటే మాత్రం నా చెయ్యి పట్టుకుంటుంది. "ఆఫీసరైతే ఏం చేస్తావే" అని అడిగితే, "అప్పుడు బళ్లే ఆగుతాయిగా, నాకేం భయం" అంది.

మాకు చెప్పే మాస్టారు ముప్పై ఏళ్లు ట్రాఫిక్‌లో పనిచేసి రిటైరైన మనిషి. కూర్చుని పాఠం చెప్పడం ఆయనకు చేతకాదు. గది మధ్యలో నిలబడి, ఎడమ వైపు బెంచీలకు అరచెయ్యి చూపించి ఆపి, కుడి వైపు వాళ్లను ప్రశ్న అడుగుతారు. చేతి సైగలు రోజుకు అరగంట సాధన చేయమన్నారు. గదిలో చోటు లేక కిటికీ దగ్గర నిలబడి చేస్తున్నాను. ఎదురింటి ముసలాయన తనను రమ్మంటున్నాననుకుని రెండుసార్లు మెట్లెక్కి వచ్చాడు. మూడోసారి నుంచి తనూ అటునుంచి చెయ్యి ఊపుతున్నాడు.

నిన్న మాస్టారు ఒక్కొక్కరినీ లేపి, ఈ ఉద్యోగమే ఎందుకు కావాలని అడిగారు. ఒకడు దేశసేవ అన్నాడు, ఇంకొకడు జీతం అన్నాడు. నేను పాల వ్యాను గురించి చెప్పాను. నీకు గుర్తుందో లేదో. నాకు ఏడేళ్లు. నీ పక్కన క్యాను మూత మీద కూర్చుని పట్నం వచ్చాను. నాలుగురోడ్ల దగ్గర ఒక ఆఫీసరు మన వ్యాను ఆపాడు. నీ చేతిలోంచి లైసెన్సు పుస్తకం తీసుకుని చూసి, "నీ వ్యాన్లో ఏ స్టేషను పలుకుతుందయ్యా?" అన్నాడు. ఎందుకో నాకు తెలియలేదు గాని, చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. తర్వాత ఆయన తన ఈల నా నోట్లో పెట్టి ఊదమన్నాడు. నేను ఊదాను, ఒక లారీ నిజంగానే ఆగింది. నాకు ఈలపిల్ల అని పేరు పడింది ఆ రోజేగా. అంత సరదా మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మనుషుల్ని ఆపడం, నవ్వించడం, ఇదేదో మంచి పనే అనుకున్నాను. ఆ తర్వాత నువ్వు ఎప్పుడూ కాలువగట్టు మీదుగానే వెళ్లేవాడివి, గట్టుగాలికి పాలు చల్లగా ఉంటాయని. నాకు కొంగలు కనిపించేవి, నిజమే, కానీ ఆ ఆఫీసరు మళ్లీ కనిపించలేదని చాలా రోజులు బాధపడ్డాను.

అసలు సంగతికి వస్తాను. దరఖాస్తులో ఒక గడి ఉంది. ఇంట్లో ఎవరైనా బండి నడపడమే పనిగా బతుకుతుంటే వాళ్ల లైసెన్సు నంబరు రాయాలి. నెలాఖరులోగా పంపాలి. నీ నంబరు రాసి పంపు.

అమ్మ మోకాలు ఎలా ఉందో చెప్పు.

ఈలపిల్ల

*

ఈలపిల్లకు అమ్మ రాయునది,

నా మోకాలు దాని చోట అది ఉంది. నీ ఉత్తరం మీ నాన్న చేతికే అందింది. రెండుసార్లు చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు, క్యాన్లు సర్దాలని వెళ్లిపోయాడు. ఆయన నోట్లోంచి మాట తీయాలంటే పట్టకారు కావాలని నీకు తెలుసుగా. "పిల్ల నంబరు అడిగిందటగా, రాసి పంపవేం" అంటే "చూస్తాలే" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అడిగితే పెట్టె తాళంచెవి కనబడటం లేదన్నాడు. తాళంచెవి ఎప్పుడూ ఉండే మేకుకే ఉంది. ఆయన చూపు తగ్గిందేమోనని నాకు బెంగ పట్టుకుంది.

అందుకని ఆయన వ్యాను తీసుకుని వెళ్లాక నేనే పెట్టె తీశాను. పుస్తకం అట్ట మీద ఉన్నదంతా ఇంగ్లీషు. ఒక్కటీ వదలకుండా, బొమ్మ గీసినట్టు చూసి గీశాను. ఇంకో కాగితం మీద ఉంది చూడు. నంబరు కింద గీత పెట్టాను.

ఈ లైసెన్సు తెచ్చుకున్న రోజు నాకు బాగా గుర్తు. నువ్వు అప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్నావు. పాల కేంద్రం యజమాని, క్యాన్లు కడిగే మనిషికి వ్యాను ఇస్తున్నాను, లైసెన్సు తెచ్చుకో అంటే, ఒక్క పూటలో పట్నం వెళ్లి తెచ్చేశాడు. తక్కిన డ్రైవర్లు నెలల తరబడి తిరిగారట. ఏడాదికోసారి వెళ్లి ముద్ర వేయించుకునేవాడు. కొన్నేళ్లకు ఆ ముద్రలు కూడా ప్రభుత్వం తీసేసిందట. మీ నాన్నకు తక్కినవి ఎలా ఉన్నా కాగితాల విషయంలో అదృష్టం ఉంది.

బాగా తిను. చదువు ఎక్కడికీ పోదు.

అమ్మ

*

నాన్నకు,

ఈ ఉత్తరం అమ్మకు చూపించకు. ముందు నువ్వు చదువు.

అమ్మ పంపిన కాగితం నేను విప్పి చూడనైనా లేదు. మాస్టారు అందరి దరఖాస్తులూ దిద్దుతున్నారు, అది నేరుగా ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మాయ్, ఇది రేడియో లైసెన్సు. ఒకప్పుడు రేడియో ఉంచుకోవాలంటే పోస్టాఫీసులో ఇది తీసుకోవాలి. మీ నాన్నగారు ఇన్నాళ్లూ నడుపుతున్నది వ్యాను కాదు, రేడియో" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను నాన్నా. అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వు సగంలో ఉండగా, నాలుగురోడ్ల ఆఫీసరు అడిగింది ఏ స్టేషనో తట్టింది. నేను ఇన్నాళ్లూ రైలు స్టేషను అనుకున్నాను. ఆ తర్వాత నేను నవ్వలేదు, కానీ అప్పటికే నవ్వేశాను కదా.

నీకు అప్పటినుంచీ తెలుసని ఇప్పుడు నాకు అర్థమైంది. కాలువగట్టు ఎందుకో కూడా అర్థమైంది.

దర్జీ వాళ్లమ్మాయి, "మీ నాన్న వ్యవసాయం అని రాసిపారెయ్, ఎవడు చూడొచ్చాడు" అంది. రెండు రోజులు ఆలోచించాను. మొదటి కాగితంలోనే అబద్ధం రాసినదాన్ని, రేపు రోడ్డు మీద నిలబడి ఇంకొకరి కాగితం ఏ మొహంతో అడగను? "తండ్రి పాల వ్యాను నడుపుతారు, లైసెన్సు లేదు" అని రాసి నిన్న పంపేశాను. నిన్ను అడగకుండానే పంపాను. దీనివల్ల నన్ను తీసుకోకపోవచ్చు, మన ఊరికి విచారణకు మనిషి రావచ్చు. వాళ్లు వచ్చేదాకా ఉండకు. వ్యాను ఆపెయ్ నాన్నా. ఇరవై రెండేళ్లుగా ఒక కోడిపిల్లను కూడా తొక్కకుండా నడిపిన మనిషికి ఈ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

నాలుగు తిట్లు రాసైనా జవాబివ్వు.

ఈలపిల్ల

*

నాన్నకు,

మూడు నెలలైంది. అమ్మ రెండు ఉత్తరాలు రాసింది, రెండింటిలోనూ నీ గురించి "బాగానే ఉన్నాడు" అన్న ఒక్క ముక్కే.

రాతపరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ఆవిడ నా దరఖాస్తు తిరగేసి, "మీ నాన్నగారికి లైసెన్సు లేదని మీరే రాశారు. రేపు రోడ్డు మీద ఆయనే ఎదురైతే?" అని అడిగింది.

"ఆపుతానండి."

"ఆపి?"

"చలానా రాస్తాను."

"ఆయనకు కోపం వస్తే?"

"మా నాన్నకు కోపం వస్తే మాట్లాడడండి. ఇప్పుడు కూడా మాట్లాడటం లేదు."

ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు.

నిన్న జాబితా పెట్టారు, నా పేరు ఉంది. దర్జీ వాళ్లమ్మాయి పేరు కూడా ఉంది. జాబితా చూసొచ్చిన ఆనందంలో ఒక్కతే రోడ్డు దాటేసి, అవతలికి వెళ్లాక గుర్తొచ్చి భయపడింది. శిక్షణ అయ్యాక నాకు పట్నంలోనే, ఆ నాలుగురోడ్ల దగ్గరే పని వేస్తారట.

నీకు మొదట చెప్పాలని రాశాను.

ఈలపిల్ల

*

మా ఈలపిల్లకు,

నువ్వు వ్యాను ఆపమన్న ఉత్తరం శనివారం వచ్చింది. ఆదివారం పొద్దున తాళంచెవులు యజమానికి ఇచ్చేశాను. ఎందుకని అడిగితే ఉన్నది చెప్పాను. ఆయన ముందు తిట్టాడు, తర్వాత క్యాన్లు కడగడానికి మనిషి కావాలన్నాడు. అలా ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ క్యాన్లు కడిగాను. పని మరిచిపోలేదు. నా బదులు వచ్చిన కుర్ర డ్రైవరు కూడా కాలువగట్టు మీదుగానే వెళ్తున్నాడు. గట్టుగాలికి పాలు చల్లగా ఉంటాయని ఎవరో చెప్పారట. నేను అబద్ధానికి చెప్పిన మాట అది. ఇప్పుడు చుట్టుపక్కల పాల వ్యాన్లన్నీ అలాగే చుట్టుతిరిగి పోతున్నాయి, ఎవరికి చెప్పి ఏం లాభం.

జవాబు రాయనిది కోపంతో కాదు. చేతిలో కాగితం లేకుండా ఏం రాయాలో తోచలేదు. ఇప్పుడు ఉంది.

పోస్టాఫీసు సంగతి చెబుతాను, ఈమధ్య మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. లైసెన్సులు ఎక్కడిస్తారో నాకు తెలియదు. పట్నంలో ఒక కిటికీ మీద "లైసెన్సులు ఇక్కడ" అని తెలుగులో రాసి ఉంటే కూడబలుక్కుని చదివి వరుసలో నిలబడ్డాను. గుమస్తా "కొత్తదా, పాతదా?" అన్నాడు. "పాతదేనండి" అన్నాను. "ఇంటికా, వ్యాపారానికా?" అన్నాడు. "వ్యాపారానికేనండి, పాల కేంద్రానిది." "బాగా పనిచేస్తుందా?" "చలికాలం పొద్దుటిపూట కొంచెం మొరాయిస్తుందండి. ఒకసారి అందుకుంటే ఊరంతా వినపడుతుంది." "అన్నీ అంతే" అని ముద్ర కొట్టి ఇచ్చాడు. నడిపి చూపించమంటారేమోనని వ్యాను కడిగి బయట పెట్టాను. ఎవరూ అడగలేదు. నా మొహం చూసి నమ్మారనుకున్నాను.

నాలుగురోడ్ల దగ్గర నీకు వినపడని మాట ఇంకొకటి ఉంది. ఆ ఆఫీసరు పుస్తకం తిరగేస్తుంటే, "ముద్ర పాతదైంది గాని, ఇప్పుడు అక్కర్లేదటండి, ప్రభుత్వం తీసేసింది" అని నేనే చెప్పాను. అప్పుడు ఆయన బండి మీద చెయ్యేసి వంగి వంగి నవ్వాడు. అందరికీ చెప్పి నవ్వించాడు. మంచివాడే. చలానా రాయలేదు, వ్యాను పట్టుకోలేదు, నీకు ఈల ఇచ్చాడు. వెళ్లి అసలుది తెచ్చుకో అన్నాడు. తెచ్చుకోవాల్సింది. ఇన్నేళ్లూ ఏం చేశావని అడుగుతారని ఆ నెల వెళ్లలేదు. ఏడాది పోయాక వెళ్లడం ఇంకా కష్టమైంది. పదేళ్లు పోయాక గట్టుదారే అలవాటైపోయింది. నువ్వు కొంగల్ని లెక్కపెట్టేదానివి, నేను విననట్టు నడిపేవాణ్ని.

ఈసారి అసలు ఆఫీసుకే వెళ్లాను. రోడ్డు గుర్తుల అట్ట తెచ్చి గోడకు కొట్టాను. మీ అమ్మ గరిటె పెట్టి ఒక్కొక్కటీ చూపించి అడిగేది. తప్పు చెబితే కూర వడ్డించడం ఆపేది. గుర్తులన్నీ వచ్చాయి, నాలుగు కిలోలు తగ్గాను. ఇన్నేళ్లు నడిపాక ఈ చదువెందుకని అడిగితే కారణం చెప్పక తప్పలేదు, పోస్టాఫీసు సంగతి అప్పుడు ఆవిడకు చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టి కూర్చుని మరీ నవ్వింది. చూసి చూసి నేనూ నవ్వాను. అందుచేత నువ్వు క్లాసులో నవ్వావని మనసులో పెట్టుకోకు. ఇంట్లో నవ్వు ఇంట్లోదే.

బండి నడిపి చూపించే పరీక్ష మొదటిసారి తప్పాను. గుర్తులు చెప్పాను, వెనక్కి తీశాను, అంతా బాగుంది. నాలుగురోడ్ల దగ్గర పక్కన కూర్చున్న అధికారి "తిన్నగా పోనివ్వు" అన్నాడు. నా చేతులు వాటంతట అవే గట్టుదారికి తిప్పేశాయి. "ఎక్కడికయ్యా?" అన్నాడు. "అలవాటండి" అన్నాను. నెల తర్వాత రమ్మన్నాడు. రెండోసారి చక్రం రెండు చేతులా బిగించి పట్టుకుని తిన్నగా పోనిచ్చాను. అవతలికి దాటడానికి ఎంతో సేపు పట్టదు. పదహారేళ్లు చుట్టుతిరిగి వెళ్లిన చోటు పది అంగలుంది.

నిన్న లైసెన్సు వచ్చింది. ఫోటో ఉంది, మీ అమ్మ దొంగలా ఉన్నానంది. నంబరు వెనక రాశాను, ఆ గడి ఇంకా ఖాళీగా ఉంటే రాసుకో. సోమవారం నుంచి వ్యాను మళ్లీ నాదే.

నువ్వు పనిలో చేరిన రోజు నుంచి నాలుగురోడ్ల మీదుగానే వస్తాను. తప్పు చేస్తే ఆపు, నేను నీకు నాన్నని అని చెప్పను. నాకు ఒక్కటే చెప్పాలని ఉంది. ఎప్పుడో ఒకరోజు ఎవడో ఒకడు నీ దగ్గరికి వస్తాడు. పక్కన పిల్లనో పిల్లవాణ్నో కూర్చోబెట్టుకుని, ఇదే లైసెన్సు అని నమ్మి ఏదో కాగితం తీసి నీ చేతిలో పెడతాడు. వాణ్ని పక్కకు పిలిచి అది ఏం కాగితమో చెప్పు. అసలుది ఎక్కడిస్తారో చెప్పు. చలానా రాయి.

నవ్వకు.

నాన్న