కండువాలు కప్పిన సైరన్

పైఊరు, శ్రావణం తొమ్మిది

చిరంజీవి చెల్లెలు డికీని అక్క యాంగ్జీ దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ కాబట్టి ఆ ముక్క రాసేశాను. అదెంతవరకు నిజమో చివరిదాకా చదివి నువ్వే చెప్పు. ఈ ఉత్తరానికి చుట్టిన గుడ్డ పారేయకు, పక్కన పెట్టుకుని చదువు.

ఫోన్ ఎందుకు చేయలేదంటావా? చేస్తే నువ్వు నవ్వుతావు. నవ్వి, అన్నం మాడుతోందని పెట్టేస్తావు. కొత్త సంవత్సరం పండగప్పుడు మీ ఆయన కర్సాంగ్ నలుగురిలో నన్ను పిరికిదానా అన్నప్పుడు నువ్వు నవ్విన నవ్వు నేనింకా మరిచిపోలేదు. కాగితాన్నైతే మధ్యలో పెట్టేయలేవు కదా.

పశువుల్ని సరస్సు పక్క బీళ్ళ నుంచి దింపేశాను. శ్రావణంలో పశువుల్ని దింపిన మనిషిని మన ఊళ్ళో ఎప్పుడైనా చూశావా? పచ్చగడ్డి మోకాలెత్తున వదిలేసి వచ్చానని ఫుటి అత్త నన్ను ఊరంతా వినేలా తిట్టింది. తిట్టనీ. చిన్నప్పుడు మనిద్దరం కాళ్ళు వేలాడేసుకుని ఉడికిన ఆలుగడ్డలు తిన్న బండ గుర్తుందా? ఇప్పుడది కనబడదు, నీళ్ళు దాని నెత్తి మీదకు వచ్చేశాయి. అవతలి ఒడ్డున మంచుగోడ పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. పడ్డప్పుడల్లా అల లేచి, ఇవతల ఆ నీళ్ళను ఆపుతున్న రాళ్ళూ మట్టీ కలిసిన గట్టును తాకుతుంది. ఆ గట్టు కింద నుంచి ఊట వస్తోంది డికీ. మొదట తేటగా వచ్చేది, ఇప్పుడు బురదగా వస్తోంది. గట్టు లోపలి నుంచి కరుగుతోందన్నమాట. కూలబడి ఏడ్చాను. తర్వాత లేచి పశువుల్ని తోలుకొచ్చాను.

నువ్వేమంటావో నాకు తెలుసు. సైరన్ ఉంది కదక్కా, గట్టు తెగితే మోగుతుంది, పరిగెత్తుతాం, అంటావు. అందుకే ఈ ఉత్తరం.

మూడేళ్ళ కిందట ఖాట్మండు నుంచి వచ్చి ఆ సైరన్ స్తంభం పాతించిన అనుపా మేడం, మొన్న దాన్ని తనిఖీ చేయడానికి మళ్ళీ వచ్చింది. అప్పట్లో ఆవిడ ఊరందరినీ కూర్చోబెట్టి, ఇది మీ ప్రాణాలు కాపాడుతుంది, జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి వెళ్ళింది. ప్రాణం కాపాడేదాన్ని మనవాళ్ళు ఎలా చూసుకుంటారో పాపం ఆవిడకేం తెలుసు! ఆవిడ కొండ దిగగానే ఫుటి అత్త మొదటి తెల్ల కండువా కట్టింది. తర్వాత ఇంటికొకటి. పండక్కి, చావుకి, పిల్లాడి పరీక్షకి. వెన్న రాశారు, రోజూ పొద్దున్నే ధూపం వేశారు. ఊరికి మేలు చేసే దేవుడికి ఏమేం చేస్తామో అన్నీ చేశాం.

అనుపా వచ్చి తలెత్తి చూసేసరికి అక్కడ స్తంభం లేదు. తెల్లటి గుడ్డల గుట్ట ఒకటి నిలబడి ఉంది. మొదట ఆవిడ పకపకా నవ్వింది. నిచ్చెనెక్కాక మాత్రం నవ్వు ఆగిపోయింది. సైరన్ నోటి నిండా గుడ్డలు. పైన ఎండ తాగి కరెంటు చేసే గాజుపలక ఉంటుంది కదా, దానిమీద కండువా పరుచుకుని మసి, వెన్న కలిసి అట్ట కట్టింది. ఎండ తగలక బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందట.

ఫుటి అత్తకి పౌరుషం వచ్చింది. "ఏందమ్మా, దొంగల్ని చూసినట్టు చూస్తావు? మొక్కాం గానీ తన్నామా?" అంది.

"మొక్కు అత్తా, కాళ్ళకు మొక్కు. మొహానికి ముసుగేస్తే అదెట్లా అరుస్తుంది?" అంది అనుపా. అని, నిచ్చెన మెట్టు మీదే కూర్చుని తల పట్టుకుంది. గట్టు ఎంత నానిందో, నీళ్ళు ఏ వేగంతో వస్తాయో అంతా లెక్క కట్టాను గానీ, మీరు దీనికి మొక్కుతారని మాత్రం అనుకోలేదక్కా, అంది నాతో. నాకు ఆవిడ మీద జాలేసింది. మా మీద కూడా వేసింది.

ఆ సాయంత్రం గుంపా మఠం ముందు ఊరంతా చేరింది. సరస్సు గట్టుకు కాలువ కోసి నీళ్ళు తగ్గించాలంటుంది అనుపా. సరస్సు తల్లి నివసించే చోట గడ్డపార వేస్తే ఊరుకుంటుందా, అంటారు లామా గారు. బయటికి చెప్పకండి, యాత్రికులు రాకపోతే నా సత్రంలో పొయ్యి వెలగదు, అంటుంది ఫుటి అత్త. ఎక్కడో ఎవరి కార్ల పొగకో మన మంచు కరుగుతోంది, వాళ్ళనే వచ్చి తవ్వమనండి, అంటారు కుర్రాళ్ళు. నది నీళ్ళ మీదే బతికే కరెంటు ప్రాజెక్టు వాళ్ళు, మీ కర్సాంగ్ కొలువు చేసే దొరలు, సర్కారు చూసుకోవాలంటారట. సర్కారేమో ప్రాజెక్టును అడగమంటుందట. ఒక్కొక్కరు మాట్లాడుతుంటే అదీ నిజమే అనిపిస్తుంది, అందరూ అయ్యాక ఏమీ తేలదు. పదిమందిలో పాము చావదంటారు కదా. ఈ పాము రోజూ పెరుగుతోంది కూడా.

ఒక్క మేలు జరిగింది. కట్టిన కండువా విప్పడం అపచారం కదా, ఎవరూ చెయ్యి వేయలేదు. చివరికి లామా గారే లేచి, "పాపం ఉంటే నాకు తగలనీండి. ఉన్న నోరు మూసి దేవతను చేశాం" అంటూ ఒక్కొక్కటే విప్పారు. గాజు శుభ్రం చేశాం. కానీ చచ్చిన బ్యాటరీ బతకదు. దారిలో కొండచరియ పడింది, కొత్తది వానలు తగ్గాకే వస్తుందట.

ఇప్పుడు అసలు మాట విను. పై స్తంభం పలికితేనే మీ బజారులో స్తంభం పలుకుతుంది. దాని పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, నమ్మకు. పైది మూగదని దానికి తెలియదు. మీ ఇల్లు నదిలోకి తొంగిచూస్తూ ఉంది. నీకు నెలలు నిండుతున్నాయి. కర్సాంగ్ మేనత్త పశువుల కొట్టం కొండ మీద ఉంది కదా, అక్కడికి వెళ్ళిపో. నది ఉన్నట్టుండి తగ్గిపోతే మంచిదని మురిసిపోవద్దు, పైన ఏదో అడ్డుపడినట్టు. అప్పుడు సామాను చూసుకోకు. కర్సాంగ్ మళ్ళీ మీ అక్క పిరికిది అంటే, అవునను. నేను చెప్పులతోనే పడుకుంటున్నాను డికీ. పొయ్యి మీద నీళ్ళు మరిగితే ఉలిక్కిపడుతున్నాను.

ఈ ఉత్తరం గాడిదలవాడి చేత పంపుతున్నాను. నది బాట వద్దు, కొండ బాటనే వెళ్ళమని ఒట్టు వేయించుకున్నాను.

నీ పిరికి అక్క,
యాంగ్జీ

తా.క. ఇది రాయకూడదనుకున్నాను, నిండు మనిషివి. కానీ రాయకపోతే నువ్వు కదలవు. సైరన్ నోట్లో ఊరి గుడ్డలన్నీ ఉన్నాయి. గాజుపలక మీద మాత్రం ఒక్కటే ఉంది. పొడుగాటిది, నీలం అంచుది. కిందటేడు నీకు కడుపు నిలవాలని బజారులో కొని పంపావు, అందరి కండువాలకంటే ఎత్తున కట్టమన్నావు. నేనే నిచ్చెనెక్కి కట్టాను. లామా గారు దాన్ని చేతిలో పెడితే చూడగానే గుర్తుపట్టాను, ఎవరికీ చెప్పలేదు. ఉతికి ఈ ఉత్తరానికి చుట్టాను. నీ మొక్కు తీరింది, బిడ్డ వస్తోంది. ఈ కండువా తీసుకుని కొండెక్కు, పుట్టాక అక్కడ బిడ్డ మెడలో వెయ్యి.